మూడో కూత

లంకలో గడిచిన నా చిన్నతనం గురించి నేను రాసిన పుస్తకాన్ని టీవీ నాటకంగా తీస్తామని హైదరాబాద్ నుంచి కబురు వచ్చినప్పుడు, అచ్చంపేటలో మా వీధంతా సంబరపడింది. ఎదురింటి కొట్టాయన మాత్రం, "లంక కథంటున్నావు, రావణాసురుడి వేషం నీదేనా ఏంది అన్నయ్యా?" అని ఏడిపించాడు.

మా లంక కృష్ణ నడుమ ఉండేది. మిరప చేలు, కాసిని గుడిసెలు, చుట్టూ నీళ్ళు. పడవ అవతలి ఒడ్డున కట్టేసి ఉండేది కాబట్టి, కావాలంటే కూత వెయ్యాలి. గాలికి మాటలు చెదిరిపోతాయి. అందుకని కూతలో మాటలుండవు, ఉత్త రాగమే. ఒక కూత వేస్తే మనుషులు దాటాలని, రెండు వేస్తే సరుకు ఉందని, మూడు వేస్తే పురుడని అర్థం. మూడు వినపడితే పడవ మామ మంత్రసానిని ఎక్కించుకుని మరీ వచ్చేవాడు. లంకలో అందరికంటే మా అమ్మ కూత దూరం పోయేది. అమ్మ పోయాక అది మా అక్క గొంతులోనే మిగిలింది.

పుస్తకంలో కూతలకు ఒక అధ్యాయమే ఇచ్చాను. నాటకంలో అది లేదు. దాని బదులు అమ్మ వేషం వేసిన అమ్మాయి ఏటి ఒడ్డున నిలబడి, "పడవ నడిపే నాయనా, ఒకసారి ఇటు రావయ్యా" అనాలి.

"కూతంటే చూసేవాళ్ళకు అర్థం కాదు మాస్టారూ" అన్నాడు దర్శకుడు. కుర్రవాడే, మర్యాదస్థుడు. నేను సరేనన్నాను.

అక్క ఒప్పుకోలేదు. "అమ్మ అట్టా ఎప్పుడన్నా పిలిచిందంట్రా? కూత లేకపోతే ఆమె ఎవురో గానీ అమ్మ కాదు. ఒక్కసారన్నా ఆ కూత టీవీలో వినపడాలని నేను చూస్తంటే!" అంటూ షూటింగుకు తనూ బయల్దేరింది.

వరదలకు జడిసి మా వాళ్ళు లంక వదిలి చాలా ఏళ్ళయినా, పైరు ఇంకా అక్కడే వేస్తున్నారు, పడవ మామ పడవా నడుస్తోంది. మామ మమ్మల్ని లంకలో దించి అవతలికి వెళ్ళిపోయాడు.

నటి తన మాట చెప్పింది. పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు. అక్క ఇక ఆగలేక, "ఇట్టా పిలవాలమ్మాయ్" అని చెయ్యి చెవికి ఆనించుకుని కూత వేసింది. చేలో కొంగలు లేచాయి. నటి ముచ్చటపడి మళ్ళీ వెయ్యమంది. వేసింది. రికార్డు చేసే అతను పరుగున వచ్చి, మైకు ముందు ఇంకొక్కసారి అన్నాడు. అదీ వేసింది.

అవతలి ఒడ్డున పడవ కదిలింది. అక్క నాలుక కరుచుకుంది. "ఒరేయ్, మూడయ్యాయిరా!"

మామ రొప్పుతూ తెడ్డు వేస్తున్నాడు. పడవలో మూట చంకన పెట్టుకుని మంత్రసాని పెద్దమ్మ నిలబడి ఉంది. పడవ ఒడ్డుకు తగలకముందే అరిచింది:

"ఎవురికే నొప్పులు? ఈ పిల్లకా?"

పెళ్ళి కాని ఆ నటి ముఖం ఎర్రబడింది.

"ఎవురికీ లేవు పెద్దమ్మా, సినిమా!" అంది అక్క.

"సినిమాకి మూడు కూతలేందే, నోరుంది గదా అని! పొయ్యి మీద అన్నం వదిలేసొచ్చా."

అందరం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, దర్శకుడు మాత్రం కెమెరా దగ్గరికి పరుగెత్తి "తీశావా? పడవ రావడం తీశావా?" అని అడుగుతున్నాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, "అర్థమైంది మాస్టారూ" అన్నాడు.

నాటకం వచ్చిన సాయంత్రం మా ముందు గదిలో అడుగుపెట్టే చోటు లేదు. మామ గడప మీద కూర్చున్నాడు, పెద్దమ్మ గోడకు చేరగిలబడింది. తెర మీద ఆ అమ్మాయి చెయ్యి చెవికి ఆనించింది. కూత మాత్రం అక్కది.

"అమ్మేరా" అంది అక్క, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

గడప మీద మామ అలవాటుగా లేవబోయాడు. పెద్దమ్మ అతని భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ఒకటేలే. నింపాదిగా పోవచ్చు."