అందుకునేవారి సంతకం

మా బావ గురించి పేపర్లో రాశారు. "మానవత్వం మూర్తీభవించిన వ్యాపారి" అని పైన పెద్ద అక్షరాలు. ఫోటోలో బావ నిలువెత్తున నవ్వుతున్నాడు, పక్కన నా కుర్చీ చక్రం ఒకటి పడింది. ఆ కుర్చీలో ఉన్నది నేనే. రాసినాయన నన్ను ఒక్క మాటైనా అడగలేదు కాబట్టి, బావ చరిత్ర నేనే చెప్తాను.

బావంటే మా అక్క మొగుడు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు ఇరవై రెండేళ్ళు మోశాడు. ఆ పనిలో ఆయనకి వంక పెట్టలేం. అద్దాల బీరువాని మూడో అంతస్తు నుంచి దించితే అద్దం మీద వేలిముద్ర కూడా ఉండేది కాదు. మనుషుల దగ్గరే ఆయనకి చిక్కు. బీరువా ఎదురు చెప్పదు కదా!

నడుం పట్టేసి, ఇక బరువులెత్తొద్దని డాక్టరు చెప్పిన రోజున బావకి జ్ఞానోదయమైంది. చక్రాలున్న బరువుని ఎత్తక్కర్లేదు, తోస్తే చాలు. పాత వ్యానుకి వెనక చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలుపలక బిగించాడు, కుర్చీ కదలకుండా కింద నాలుగు బెల్టులు కొట్టించాడు, "వికలాంగుల రవాణా సేవ" అని పక్కన రాయించాడు. "ఆసుపత్రి గొడవలు మనకొద్దు. మందులూ ఇంజెక్షన్లూ మన పని కాదు. ఎక్కించుకోవడం, దింపడం, అంతే" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు. పిసినారి మనిషి, రంగు ఒక్క పూతే వేయించాడు. ఎండలో చూస్తే "జాగ్రత్త, పగిలే సామాన్లు" అన్న పాత అక్షరాలు కింద నుంచి శుభ్రంగా కనిపించేవి.

బండి అవసరం లేదని నేననను. నా కుర్చీని చూస్తే కిరాయి బండివాడు వేగం పెంచుతాడు. బస్సువాడికైతే నేను అసలు కనిపించనే కనిపించను. ఆలోచన బంగారం లాంటిదే. అది పుట్టిన బుర్రే సామాన్ల బుర్ర.

వ్యాపారం మారినా కాగితాలు మారలేదు. అట్టకి క్లిప్పు పెట్టిన అదే పాత రసీదు పుస్తకం. ఎక్కించేటప్పుడు ఇచ్చేవారి సంతకం, దింపేటప్పుడు అందుకునేవారి సంతకం, మధ్యలో "గీతలు, సొట్టలు" అని ఒక గడి. ఎప్పుడో ఓ ఇంటి ముందు సంతకం లేకుండా ఫ్రిజ్ దించి వస్తే, దాన్నెవడో ఎత్తుకుపోయాడట. ఆనాటి నుంచి సంతకం పడందే బెల్టు విప్పనని ఒట్టు పెట్టుకున్నాడు మహానుభావుడు.

మొదటి వారమే ఓ రిటైరైన డ్రాయింగు మాస్టారిని గడ్డం గీయించుకోవడానికి తీసుకెళ్ళాడు. సెలూన్ అతని చేత "అందినవి: ఒకటి" అన్నచోట సంతకం పెట్టించాడు. తిరిగి ఇంటికి తెచ్చాక, మాస్టారి భార్య ఎదురుగా ఆయన మొహం అటూ ఇటూ తిప్పి చూసి, "గడ్డం మీద ఒక గీత. మా బండిలో పడింది కాదు" అని రాశాడు. మాస్టారు పెద్దమనిషి, నవ్వి ఊరుకున్నారు. నేనైతే ఆ పుస్తకాన్ని బావ నెత్తికేసి కొట్టేదాన్ని.

ఇక నా సంగతి. నేను బట్టలు కుడతాను. పదహారేళ్ళుగా మా ఇంటి వెనక గదిలోనే కుడుతున్నాను. ఆ గదికి వంటింట్లోంచే దారి, కాబట్టి అమ్మకి నచ్చినవాళ్ళే నా దాకా వస్తారు. బజారు వీధిలో మెట్టు లేని గది ఒకటి ఖాళీ అయిందని తెలిసినప్పుడు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మెట్టు లేని దుకాణమంటే మాటలా! వీధి ఈ చివర నుంచి ఆ చివరకి అదొక్కటే. గది యజమానికి ఫోన్ చేస్తే, ఫలానా రోజు ఐదింటిలోపు వచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టాలన్నాడు. ఐదు దాటితే ఫోన్లు బాగుచేసే అతనికి ఇచ్చేస్తానని ముందే చెప్పాడు.

అమ్మ నెలరోజులు వద్దనే అంది. "బజార్లో ఒక్కదానివీ... నిన్నెవరు చూస్తారే?"

"చూడ్డానికి నేనేమన్నా బొమ్మనా?" అన్నాను. చివరికి "నీ ఇష్టం" అని మొహం తిప్పుకుంది.

ఆ రోజు మూడింటికి బావ బండి తెచ్చాడు. ఇచ్చేవారి గడిలో అమ్మ సంతకం పెట్టింది. నాలుగు బెల్టులూ బిగించాడు. వాటి కొక్కేలు నా వెనక, నేల మీద ఉంటాయి. ఎంత వంగినా నా చెయ్యి అందదు.

మేం వెళ్ళేసరికి గది షట్టరు సగం దించి ఉంది. యజమాని నాలుగున్నరకి వస్తానని వెళ్ళాడని పక్కన టీకొట్టతను చెప్పాడు.

"దింపు బావా. ఇక్కడే కూర్చుంటాను."

"అందుకునేవాళ్ళు లేరుగా."

"నేనున్నానుగా!"

"నువ్వు వచ్చినదానివి మరదలుపిల్లా. అందుకునేవాళ్ళు వేరే ఉండాలి. నీకు నువ్వే ఎలా అందుతావు?"

పుస్తకం తీసుకెళ్ళి టీకొట్టతని ముందు పెట్టాడు. అతను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. "అమ్మో, ఎవరమ్మాయో ఏమో! రేపేదన్నా అయితే నా మెడకి చుట్టుకుంటుంది."

"పది నిమిషాలు చూస్తాం. రాకపోతే రిటర్ను. అది రూలు" అన్నాడు బావ. అరిచాను. తిట్టాను. బతిమాలాను కూడా, అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పది నిమిషాలు కాగానే వాలుపలక మూసి, బండి వెనక్కి తిప్పాడు. నా గది అద్దంలో చిన్నదైపోయి మలుపులో కనబడకుండా పోయింది.

ఇంటి ముందు ఆపి, వెనక తలుపు తెరిచాడు. అమ్మ గుమ్మంలోకి వచ్చి నా కళ్ళు చూసింది.

"గది రాసిచ్చాడా?"

"నన్ను దింపితే కదా!"

"ఆయనింకా రాలేదండీ అత్తయ్యగారూ," బావ పుస్తకం చాపాడు. "మన పిల్లని వీధిలో వదిలేసి వస్తానా? ఇదిగో, ఇక్కడ పెట్టండి."

అమ్మ పెన్ను తీసుకుంది. అయిపోయిందనుకున్నాను. బడి నుంచీ, ఆసుపత్రి నుంచీ, ఎవరు తెచ్చి దింపినా ముప్పై ఆరేళ్ళుగా నన్ను అందుకుంటూనే ఉంది ఆవిడ. ఆ గడి వైపు కాసేపు చూసింది. పెన్ను తిరిగి అట్ట మీద పెట్టేసింది.

"నేను అందుకోను."

అల్లుడి ముందు ఏనాడూ గొంతు పెంచని మనిషి. బావకి వినబడలేదేమో అనుకుని మళ్ళీ అంది. "నేను పంపింది బజారుకి. ఇంటికి తెమ్మనలేదు. తీసుకెళ్ళండి."

"అక్కడ ఎవరూ లేరండీ!"

"ఇక్కడా లేరు" అని అమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు నాకు బండిలోకి వినిపించింది. ఏడ్చాను. సిగ్గెందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను.

బావ తలుపు తట్టాడు, "అత్తయ్యగారూ" అని రెండుసార్లు పిలిచాడు. పంపినవాళ్ళు వెనక్కి తీసుకోని, చేర్చాల్సిన చోట అందుకునేవాళ్ళు లేని సరుకుని ఏం చేయాలో ఇరవై రెండేళ్ళలో ఆయనకెవరూ నేర్పలేదు. వచ్చి బండి పక్కన నిలబడి చెమట తుడుచుకున్నాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు. ఏం చెయ్యాలని ఆ మనిషి నన్ను అడగడం అదే మొదలు.

"బజారుకి పోనియ్యి. తొందరగా."

ఐదుకి పది నిమిషాలుండగా చేరాం. యజమాని వచ్చి ఉన్నాడు. ఫోన్లు బాగుచేసే అతను కూడా గోడకానుకుని నిలబడి ఉన్నాడు. బావ పుస్తకం తియ్యకుండానే నాలుగు బెల్టులూ విప్పి నన్ను దింపాడు. గడప లేదు, మెట్టు లేదు, నా చక్రాలు నేరుగా లోపలికి వెళ్ళాయి. యజమాని ఒప్పందం కాగితం తీశాడు. నా నెత్తి మీదుగా చెయ్యి చాపి, పెన్ను బావకిచ్చాడు.

"ఆవిడ తరఫున మీరు పెట్టెయ్యండి సార్."

అలవాటు ఎక్కడికి పోతుంది, బావ చెయ్యి ముందుకెళ్ళింది. నేను ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. పెన్ను నా ఒళ్ళో పెట్టి, చేతులు జేబుల్లో దోపుకున్నాడు.

"నేను డ్రైవర్నండీ. గది ఆవిడది" అన్నాడు.

ఆ నాలుగు మాటలు ఆయన నోట రావడానికి మా అమ్మ నా మొహాన తలుపు వెయ్యాల్సి వచ్చింది.