జగన్నాధం మాస్టారి ఎడమ సీటు

శృంగవరపుకోటలో స్టీరింగ్ పట్టుకున్న ప్రతి చెయ్యీ ఒకప్పుడు జగన్నాధం మాస్టారి దగ్గర దెబ్బ తిన్నదే. అరకు ఘాటీ ఎక్కే టాక్సీలవాళ్లు, పాల వ్యాన్లవాళ్లు, పెళ్లికి ముందే కారు నేర్చుకుని తీరతామన్న ఆడపిల్లలు, అందరికీ గురువు ఆయనే. కొండ మీద కోతులకి కూడా క్లచ్చి సంగతి ఆయనే నేర్పి ఉంటాడని నా నమ్మకం.

నా టిఫిన్ బండి సరిగ్గా ఆయన షెడ్డుకి ఎదురుగా ఉంటుంది. అందుకని ఆయన గురించి ఆయనకి తెలియనివి కూడా నాకు తెలుసు.

డ్రైవింగ్ నేర్పే కారులో ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. నేర్చుకునేవాడు కుడి పక్క కూర్చుని బండిని గేదె మీదికో గోడ మీదికో తోలుతుంటే, నేర్పేవాడు ఎడమ పక్కనుంచి బ్రేకు తొక్కి అందరి ప్రాణాలూ కాపాడతాడు. జగన్నాధం మాస్టారి బతుకంతా ఆ ఎడమ సీట్లోనే గడిచింది. అక్కడే తిన్నాడు, అక్కడే కునుకు తీశాడు, అక్కడే జుట్టు నెరిసింది. ఆయన చెప్పుల్లో ముందు అరిగేది ఎప్పుడూ కుడికాలిదే.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే ఊళ్లో మూడు కథలున్నాయి, అందులో రెండు నేను పుట్టించినవే. అసలు కారణం ఆయనకి తీరిక లేకపోవడం అనుకుంటాను. పొద్దున్నించి సాయంత్రం దాకా పక్క సీట్లో ఎవరో ఒకరు ఉండేవారు. ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కేవారు. మనిషి కావాలని ఆయనకి ఎప్పుడూ అనిపించి ఉండదు.

తర్వాత రోజులు మారాయి. ఇంటికో కారు వచ్చింది, ఆ కారు నేర్పే బావమరిది కూడా ఇంట్లోనే దొరుకుతున్నాడు. మాస్టారి దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గి తగ్గి చివరికి దుర్గాభవాని ఒక్కతే మిగిలింది. నర్సు పిల్ల. పొట్టిగా ఉంటుంది, భయం మాత్రం తాటిచెట్టంత. బండి కదిలితే చాలు బ్రేకు తొక్కేది. రివర్సు నేర్చుకునేసరికి ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచిపోయాయి.

మాస్టారు ఎవరిని తిట్టినా ఆ పిల్లని తిట్టలేదు. "మెల్లగానే పోమ్మా. తొందరేటి? ఎవులు తరుముతన్నారు?" అనేవాడు. షెడ్డు దాటేదాకా ఆ మాట నాకు వినపడేది.

లైసెన్సు రాగానే దుర్గకి విజయనగరంలో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత ఎడమ సీట్లో మాస్టారు ఉన్నా, కుడి సీటు ఖాళీ. రోజూ పొద్దున్నే కారు కడిగేవాడు. నా బండి దగ్గర రెండిడ్లీలు తీసుకుని పెళ్లి భోజనమంత సేపు తినేవాడు. మాట్లాడడానికి ఏమీ లేక చట్నీలో ఉప్పు గురించి మాట్లాడేవాడు.

అలాంటి మనిషికి పక్క షెడ్డు మెకానిక్ ధనరాజ్ ఫోనులో ఒక వీడియో చూపించాడు. విజయనగరంలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు క్లబ్బు పెట్టుకున్నారు. ఆటోక్రాస్ అని పోటీ పెడతారు. ఊరి చివర ఇంకా ఇళ్లు కట్టని లేఔట్‌లో ప్లాస్టిక్ కోన్లు పాముబాటలా పేర్చి, ఒక్కొక్క కారునే వదులుతారు. కోను తగలకుండా ఎవరు త్వరగా తిరిగొస్తే వాళ్లు గెలిచినట్టు.

మాస్టారు ఆ వీడియో చూస్తూ ఇడ్లీ చల్లారబెట్టేశాడు. ఆయన చూసింది కార్లని కాదు. ప్రతి కారులోనూ ఇద్దరున్నారు.

"పక్కనోడు ఏటి సేస్తన్నాడు?" అని అడిగాడు.

"కొత్తోళ్ల పోటీలో ఇద్దరుండాలంట మాస్టారూ. పక్కనోడు ఏ మలుపు తరవాత ఏ మలుపొస్తాదో సెప్తాడు. మనిషి లేకపోతే బండిని లోపలికి రానియ్యరు."

"అయితే మన బండి కట్టు" అన్నాడు మాస్టారు.

ఆ మర్నాటినుంచి షెడ్డులో జరిగింది మామూలు రిపేరు కాదు, పోస్టుమార్టం. మారుతి జెన్ కారు అది, ఊరంతటి తప్పులూ మోసి మోసి అలిసిపోయింది. బరువు తగ్గించాలని ధనరాజ్ వెనక సీటు పీకాడు. కాళ్ల కింద పరుపు, తలుపుల లోపలి అట్టలు, పాటల పెట్టె, స్టెప్నీ చక్రం, అన్నీ పీకి రోడ్డు మీద పోశాడు. ఆఖరికి టాపు మీది డ్రైవింగ్ స్కూల్ బోర్డు పీకుతుంటే మాస్టారు నా బండి దగ్గరకొచ్చి, అటు వీపు పెట్టి నిలబడి, ఆకలి లేకపోయినా ఇంకో ఇడ్లీ అడిగాడు.

మలుపులో బండి ఒరిగిపోకుండా గట్టి స్ప్రింగులు వేశారు. నేలని పట్టుకునే మెత్త రబ్బరు టైర్లు తెచ్చారు. బేటరీకి ఇనప పట్టీ బిగించారు. బోల్తా పడితే టాపు నలిగిపోకుండా లోపల పైపులతో పంజరం కట్టారు. మాస్టారి పొట్ట ఆ పంజరంలో దూరడానికి పడిన పాట్లు చూడ్డానికి నా దగ్గర టీ తాగేవాళ్లు రెట్టింపయ్యారు. పైన ఎర్ర రంగు కొట్టేసరికి, స్పోర్ట్స్ కారు అంటే ఇదేనని నేను లంక దాకా చాటింపు వేశాను.

ఒక్క చోట మాత్రం పేచీ వచ్చింది. ధనరాజ్ స్పానరు పట్టుకుని ఎడమ సీటు ముందుకి దూరాడు.

"అది ముట్టుకోకు" అన్నాడు మాస్టారు.

"రెండో బ్రేకు దేనికి మాస్టారూ? పోటీలో పక్కనోడు బ్రేకేస్తాడేటి?"

"ఉండనీ."

"బరువు కదా మరి."

"నా పొట్టకంటే బరువేటి? ఉండనీ."

ధనరాజ్ బయటికొచ్చి, సొంత అక్కకి చెప్పుకున్నట్టు నా దగ్గర గొణిగాడు. "సూసినావా అప్పా, ఇల్లు కూలగొట్టీసి గుమ్మం ఒక్కటీ ఉంచమన్నట్టున్నాది."

బండి తయారైంది. ఇక మనిషి కావాలి. తన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఊరి నిండా ఉన్నారు కదా, మనిషికేం కరువని మాస్టారు ధైర్యంగా ఉన్నాడు. ముందు త్రినాథ్‌ని అడిగాడు. ఇప్పుడు వాడికి సొంత టాక్సీలున్నాయి, మాస్టారి చేతి దెబ్బలు బాగా తిన్నవాడు.

"నీకు బండి నేర్పింది ఎవులురా?"

"మీరే మాస్టారూ."

"మరి నా పక్కన కూకోడానికి ఏటి నొప్పి?"

త్రినాథ్ ఇడ్లీ మింగి, నీళ్లు తాగి, నెమ్మదిగా అన్నాడు. "మీరు నేర్పడం సూసినాను. తోలడం ఎప్పుడైనా సూసినానేటి? ఇక్కడున్నోళ్లల్లో ఎవులైనా సూసినారేటి?"

నా బండి చుట్టూ ఉన్నవాళ్లంతా ఆలోచించారు. నిజమే. పొద్దున్న మొదటి శిష్యుడు షెడ్డులోంచి కారు బయటికి తీసేవాడు, సాయంత్రం చివరి శిష్యుడు లోపల పెట్టేవాడు. మాస్టారు నడిచి ఇంటికి పోయేవాడు. ఇన్నేళ్లలో ఆయన్ని కుడి సీట్లో చూసిన మనిషి లేడు.

ఆ పూట దాటకుండా ఊరంతా ఒకటే మాట, జగన్నాధం మాస్టారికి డ్రైవింగ్ రాదట. ఈ మాట నేను పుట్టించలేదు. పెంచి పెద్దచేశానంతే.

అడిగినవాళ్లందరికీ పనులొచ్చాయి. ఒకడికి నడుం నొప్పి, ఒకడి ఇంట్లో వ్రతం. ధనరాజ్‌నడిగితే, "నేను బిగించిన బండిలో నేనెక్కను మాస్టారూ, ఏ బోల్టు ఎంత బిగించినానో నాకు తెల్సు కదా" అన్నాడు. నన్నూ అడిగాడు. "నేనెక్కితే మీరు పీకిన బరువంతా మళ్లీ ఎక్కీసినట్టే" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఊరి బయట గోగుపంట కోసేసిన మెరక పొలంలో ఒక్కడే ప్రాక్టీసు చేసేవాడు. కోన్లకి బదులు పాత పెయింటు డబ్బాలు. ఈయనకి నిజంగా తోలడం వచ్చా రాదా అని ఒకనాడు గోగు కట్టల వెనక నక్కి చూశాను. వచ్చు. బాగానే వచ్చు. కానీ ప్రతి డబ్బా దగ్గరా బండి నెమ్మది చేసి, తల ఎడమకి తిప్పి ఏదో అంటున్నాడు. ఎడమ పక్క ఎవరూ లేరు. కాసేపు ఆగి, జవాబు విన్నట్టుగా, మళ్లీ బండి కదిపేవాడు.

చివరిగా దుర్గకి ఫోను చేశాడు. నా బండి దగ్గరే నిలబడి చేశాడు కనక వినక తప్పలేదు.

"బాగున్నావామ్మా? ఏం లేదు, ఊరికే. డ్యూటీలో ఉన్నావా? సరే, సరే. ఉంటాను." పెట్టేశాడు.

"అడగలేదేటి?" అన్నాను.

"పనిలో ఉన్నట్టున్నాది."

నా నోట్లో నువ్వుగింజ నానదని నా మొగుడు అనేవాడు. దుర్గ వాళ్లమ్మ నారాయణమ్మ పిండి కోసం నా దగ్గరికే వస్తుంది. పోటీకి మాస్టారి పక్కన కూర్చునే మనిషి దొరకలేదని ఆవిడకి ఉన్నది చెప్పి, పైన కొంచెం చేర్చాను. మాస్టారు తిండి మానేశాడనీ, కారు బానెట్ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడనీ, ఆ కన్నీళ్లకి కొత్త ఎర్ర రంగు కూడా కారిపోతోందనీ చెప్పాను.

పోటీ రోజు మాస్టారు ఒక్కడే కారు తోలుకుంటూ విజయనగరం వెళ్లాడు. ధనరాజ్ మోటారుసైకిల్ మీద వెనక కూర్చుని నేనూ వెళ్లాను. దారిలో ప్రతి మలుపుకీ మాస్టారు ఇండికేటర్ వేశాడు. ఎండు గడ్డి వేసుకున్న ట్రాక్టరు ఒకటి మమ్మల్నందర్నీ దాటిపోయింది.

లేఔట్‌లో కుర్రకారు గుంపులుగా ఉన్నారు. నవ్వులు, ఫోటోలు. ఒక్కో కారు చుట్టూ పది మంది. మా ఎర్ర కారు చుట్టూ గాలి. క్లబ్బువాళ్లు బెల్టులు లాగి చూశారు, బేటరీ కదిపి చూశారు, అన్నీ బాగున్నాయన్నారు. తర్వాత రెండో మనిషేడని అడిగారు.

"వస్తన్నారు" అన్నాడు మాస్టారు.

కార్లు ఒకటొకటిగా వెళ్లి వస్తున్నాయి. మాస్టారు ఒక హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, ఇంకోటి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఎండ ఎక్కింది. క్లబ్బు మనిషి ఒకసారి వచ్చి వెళ్లాడు, రెండోసారి వచ్చి, ఈ బండి తర్వాత మీదే, లేకపోతే పేరు తీసేస్తానన్నాడు. నేను వెంట తెచ్చిన ఇడ్లీ పొట్లం మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన అలవాటుగా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

అప్పుడు ఆటో ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి తెల్ల యూనిఫారంలో దుర్గ దిగింది. నేరుగా వచ్చి మాస్టారి చేతిలో ఇడ్లీ చూసింది.

"తిండి మానీసినారని అమ్మ సెప్పింది."

మాస్టారు నా వైపు చూశాడు. నేను కోన్ల వైపు చూశాను.

"మధ్యాన్నం దాకా డ్యూటీ మార్చుకున్నాను. ఎక్కడ కూకోవాల?"

హెల్మెట్ ఆ పిల్ల జడ మీద కుదరడానికి కొంచెం సేపు పట్టింది. పంజరంలో దూరి ఎడమ సీట్లో కూర్చుంది. కాళ్లు అందక, సీటుని చివరి దాకా ముందుకి లాక్కుంది. మాస్టారు కుడి పక్క కూర్చున్నాడు. జెండా ఊపారు.

లోపల జరిగిన మాటలు తర్వాత దుర్గే నాకు చెప్పింది. ఉప్పూ కారం ఎంత నాదో వేరుచేసి చెప్పడం కష్టం.

మొదటి మలుపు బ్రహ్మాండంగా తిరిగింది. ధనరాజ్ నా భుజం విరిగేలా కొట్టాడు. రెండో మలుపులో కారు ఉన్నట్టుండి గోడకి గుద్దినట్టు ఆగింది. మాస్టారు కిందికి చూసుకున్నాడు. ఆయన కాలు బ్రేకు మీద లేదు.

"నువ్వేసినావా అమ్మా?"

"మరేటి మాస్టారూ అంత జోరు? కోను తగిలీదే."

"పోటీ తల్లీ ఇది."

"అయితే మాత్రం. మెల్లగానే పోండి. తొందరేటి? ఎవులు తరుముతన్నారు?"

ఆ తర్వాత ప్రతి మలుపులోనూ అదే తంతు. మాస్టారు జోరు పెంచడం, దుర్గ పాదం దించడం. కారు కప్పలా గెంతుకుంటూ వెళ్లింది. లేఔట్‌లో మేస్తున్న మేకపోతు ఒకటి వాళ్లకంటే ముందు గీత దాటింది, ఇందుకు ధనరాజ్ సాక్షి. మైకులో అందరికంటే ఆఖరి టైము చెప్పారు. ఒక్క కోనూ తగల్లేదని కూడా చెప్పారు.

కారు ఆగాక చూస్తే మాస్టారు స్టీరింగ్ మీద పడి నవ్వుతున్నాడు. ఆయన పళ్లన్నీ నేను చూడడం అదే మొదలు. పైన ఒకటి లేదు.

దుర్గ దిగి, హెల్మెట్ తీసిచ్చి, టైము చూసుకుంది. ఆటో ఇంకా నిలబడే ఉంది.

"మళ్లీ ఎప్పుడుంటాది మాస్టారూ?"

"తెల్దమ్మా. వచ్చే ఏడేమో."

"సెప్పండి. డ్యూటీ లేకపోతే వస్తాను."

ఆటో రోడ్డెక్కి కనపడకుండా పోయేదాకా ఆయన నిలబడ్డాడు. దుమ్ము కూడా సర్దుకున్నాక రెండు హెల్మెట్లూ వెనక పెట్టి తాడుతో కట్టుకుని, ఒక్కడే కారెక్కాడు.

మర్నాడు పొద్దున్న ధనరాజ్ స్పానరుతో షెడ్డుకి వచ్చి, ఆ దిక్కుమాలిన బ్రేకు లేకపోతే ఆఖరున వచ్చేవాళ్లం కాదని గొడవ మొదలుపెట్టాడు. మాస్టారు బయటికి రాలేదు. ఏమైందోనని నేను ఇడ్లీ ప్లేటు పట్టుకుని రోడ్డు దాటాను.

మాస్టారు కారులోనే ఉన్నాడు. ఇంజను ఆపేసి ఉంది. ఎడమ సీట్లో కూర్చున్నాడు, కుడికాలు పెడలు మీద పెట్టుకుని. సీటు నిన్న దుర్గ లాక్కున్నంత ముందుకే ఉంది. మోకాళ్లు డాష్‌బోర్డుకి నొక్కుకుని, పొట్ట నలిగి, ఊపిరాడేంత చోటు కూడా లేదు.

"సీటు ఎనక్కి జరుపుకోండి మాస్టారూ. కాళ్లు పట్టట్లేదు" అన్నాను.

"ఉండనీ" అన్నాడు.

ప్లేటు కిటికీలోంచి అందించాను. అందుకుని, మోకాళ్ల మీద పెట్టుకోవడానికి చోటు లేక, చేత్తోనే పట్టుకుని తిన్నాడు.