యూసుఫ్ సేటు బండ గ్యారంటీ

యూసుఫ్ సేటు తాను అమ్మిన బండను అమ్మినట్టు ఏనాడూ ఒప్పుకోడు. కొన్నవాళ్ళు దాన్ని ఇంటికి తీసుకుపోయి, గద్దె కట్టించి, పొయ్యి పెట్టుకుని వండుకు తింటున్నా సరే, ఆ బండ ఆయనదే. ఆడపిల్లను అత్తగారింటికి పంపిన తండ్రిలా చెప్పాపెట్టకుండా దిగబడతాడు. కుశలం అడిగేది మనుషులను కాదు, బండను. దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా కాసేపు నిలబడి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" మంచిదో చెడ్డదో తేలేదాకా ఇంటివాళ్ళకు ఊపిరాడదు.

కోరుట్లలో మెట్‌పల్లికి పోయే రోడ్డు పక్కన ఆయన గ్రానైటు దుకాణం, దాని వెనకే ఇల్లు. ఆరుబయట వంటిల్లు కట్టుకునేవాళ్ళంటే ఆయనకు మరీ ప్రేమ, మరీ అనుమానం. "లోపటి బండకు ఇంటి కప్పు దిక్కు. బయటి బండకు నేనే దిక్కు" అనేవాడు. జగిత్యాలలో ఒక కాంట్రాక్టరు మేడ మీద వంటిల్లు కట్టించి ఈయన దగ్గరే బండ తీసుకున్నాడు. పాపం, ఆనాటితో ఆ ఇంటి స్వాతంత్ర్యం పోయింది. విందు నడుస్తుండగా సేటు మెట్లెక్కి వచ్చి బిర్యానీ గిన్నె దగ్గర నిలబడి అరిచాడు.

"అరే! కాలే గిన్నె తెచ్చి బండ మీద పెడ్తరా? ఒక్క చెక్క ముక్క దొరకలేదా ఇంట్ల?"

"మెల్లగ సేటూ, చుట్టాలున్నరు."

"చుట్టాలు రేపు పోతరు. బండ ఉంటది!"

ఆ తరవాత సేటు స్కూటరు చప్పుడైతే చాలు, కాంట్రాక్టరు భార్య నిమ్మకాయ మరక మీద పేపరు పరిచి, దాని మీద తానే కూర్చునేదట.

ఇటువంటి మనిషి చేతిలో పడింది సిరిసిల్ల సత్యవ్వ.

సత్యవ్వ పెనిమిటి దేవదాస్ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద కూలి. రెండు వేల పదకొండులో తెలంగాణ కోసం జనం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజున సత్యవ్వ గరిటె పట్టింది. ఆమె పచ్చిపులుసు తిన్నవాళ్ళు నినాదాలు మరిచి మారు వడ్డించమన్నారు. "అక్కా, నువ్వు కూరల దుకాణం పెట్టరాదె" అని నలుగురూ అనేసరికి ఆమెకు ఆశ పుట్టింది. ఇంటి వెనక నాలుగు రేకులు, ఒక గద్దె, దాని మీద మంచి బండ ఉంటే చాలు, వాడ వాడంతటికీ కూరలు వండి పెట్టవచ్చు. సాంచా మీద నమ్మకం సన్నగిల్లుతున్న రోజులవి.

ఆలుమగలు కోరుట్ల వచ్చారు. సత్యవ్వ కన్ను నిగనిగలాడే నల్లబండ మీద పడింది.

"గిది ఇయ్యి సేటూ."

"గది ఎండల పెడితె నీకు పొయ్యి అక్కెర లేదు అక్కా. దాని మీదనె దోశలు పోసుకోవచ్చు."

"నల్లగ ఎంత మంచిగున్నది!"

యూసుఫ్ దూది థిన్నరులో ముంచి బండను రుద్దాడు. దూది నల్లబడింది, బండ అసలు రంగు బయటపడింది. "చూసినవా? ఇది నల్లగ పుట్టలే. రంగేసుకున్నది, నా తలకాయ లెక్కనే. ఇసొంటియి అమ్మను. చూపెట్టెతందుకు పెట్టుకున్న" అన్నాడు.

ఆయన ఏరింది ఒక బూడిదరంగు బండను. జగిత్యాల కాంట్రాక్టరు మేడకు కోయగా మిగిలిన ముక్క. దాని మీద నిమ్మకాయ పిండాడు. నురుగు రాలేదు. "అసలు గ్రానైటే" అన్నాడు. తరవాత నాలుగు నీటి చుక్కలు వేసి, రెండు స్టూళ్ళు లాగాడు.

"కూసోండ్రి. ఇది నీళ్లు తాగుతదా తాగదా చూడాలె. తాగే బండైతె నూనె సుత తాగుతది, మరకలు పోవు."

ఎండ నడినెత్తికి వచ్చింది. దేవదాస్ ఉండబట్టలేక, "సేటూ, బండ సంగతేమొ గాని మా గొంతులు ఎండవట్టె" అన్నాడు. ఆ కాలంలో దేవదాస్ ఇంకా హాస్యాలాడే మనిషి. సేటు భార్య మహమూదా బేగం నవ్వుకుంటూ ఛాయ్ తెచ్చింది. చుక్కలు వేసినవి వేసినట్టే మెరుస్తున్నాయి. "బండ తాగలే. మీరు తాగుండ్రి" అన్నాడు యూసుఫ్, సొంత కొడుకు పరీక్ష పాసైనంత సంబరంగా.

బండ బిగించడానికి సిరిసిల్లకు తానే వచ్చాడు. వాననీళ్ళు నిలవకుండా ముందుకు కాస్త వాలు ఉండాలని మేస్త్రీతో పోట్లాడాడు. అంచు గుండ్రంగా లేదని మళ్ళీ పోట్లాడాడు. పోతూ పోతూ సత్యవ్వను నిలబెట్టి అప్పగింతలు పెట్టాడు.

"చింతపులుసు పడితె ఎంటనె తుడువాలె. యాసిడ్ ముట్టద్దు, సబ్బునీళ్లు చాలు. కాలిన బండ మీద సల్లటి నీళ్లు గుమ్మరియ్యద్దు. ఏటా వానల ముందు నేనే అచ్చి, చెమ్మ, మరక పట్టకుండ సీలరు మందు రుద్దుత."

"ఇగ వండుకోవచ్చునా?" అంది సత్యవ్వ.

"వండుకో. గని జర మెల్లగ వండుకో."

సత్యవ్వ కూరలు కొన్నాళ్ళు బాగానే అమ్ముడుపోయాయి. సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు గనులు ఆగాయి, కరెంటుకు కోత పడింది, సాంచాలు నిలిచిపోయాయి. సిరిసిల్లలో సాంచాల చప్పుడు ఆగితే పిల్లలు కూడా ఉలిక్కిపడి లేస్తారు. కూలి లేని వాడలో కూర కొనేదెవరు? సత్యవ్వ గిన్నెలు బోర్లించింది. తరవాత ఇంట్లోకి వండటానికి కూడా బియ్యం వెతుక్కోవాల్సి వచ్చింది. రోడ్డు మీద వందమందికి వడ్డించిన మనిషి, ఒకరింటికి పోయి చేటెడు బియ్యం అడగలేక చచ్చిపోయేది.

అంతకంటే పెద్ద భయం దేవదాస్. ఆయన మాట్లాడటం మానేశాడు. గోడకు ఆనుకుని కూర్చుంటే కూర్చున్నట్టే. సాంచా ఆగిన ఇంట్లో మగవాడు మూగబోతే సిరిసిల్ల ఆడవాళ్ళకు కంటి మీద కునుకు ఉండదు. ఎందుకని వేరే చెప్పనక్కర్లేదు, ఉరితాడు చూసిన ఇళ్ళు ఆ వాడలో చాలానే ఉన్నాయి. సత్యవ్వ పెనిమిటి మీద ఒక కన్ను వేసే పని చేసుకునేది.

బస్సులు లేని ఆ రోజుల్లో కూడా యూసుఫ్ స్కూటరు మాత్రం వచ్చింది. నేరుగా పెరట్లోకి పోయి చెయ్యి ఆనించాడు.

"ఏందక్కా, బండ గింత సల్లగున్నది?"

"బండ సల్లగ ఉండక జరమొస్తదా సేటూ?"

"పొయ్యి ముట్టియ్యలేదా?"

"మా వంట ఎప్పుడో అయింది" అంది సత్యవ్వ, తల తిప్పుకుని.

యూసుఫ్ పొడుగ్గా "ఊఁ" అన్నాడు. ఆరుబయట బండ సల్లగా పడి ఉంటే చెమ్మ పట్టి పగులుతుందనీ, రోజూ వంట కాకపోతే గ్యారంటీ రద్దవుతుందనీ చెప్పాడు.

"గ్యారంటీ ఉన్నదని ఎన్నడు చెప్పినవ్?"

"ఉన్నది. నోటి గ్యారంటీ. మల్లొస్త, చూస్త."

సత్యవ్వకు ఒళ్ళు మండింది. తిండికి దిక్కులేక తానేడుస్తుంటే బండకు సల్లదనమని ఈయన ఏడుపు! అయినా పరువు పరువే. మళ్ళీ సేటు వచ్చి వాడ మొదట్లో ఛాయ్ తాగుతున్నాడని తెలియగానే, మానేరు ఒడ్డున ఏరుకొచ్చిన తుమ్మకంప పొయ్యిలో కుక్కి, గిన్నె నిండా నీళ్ళు పోసి మూత పెట్టింది. సేటు వచ్చేసరికి నీళ్ళు తెర్లుతున్నాయి, బండ వెచ్చబడింది.

"ఇయ్యాల మంచిగున్నది. ఏం వండుతున్నవక్కా?"

"పప్పుచారు."

"వాసన వస్తలేదు?"

"నీకు పడిశం పట్టినట్టున్నది."

యూసుఫ్ మూత ఎత్తాడు. గిన్నెలో ఉత్త నీళ్ళు ఎగిరెగిరి పడుతున్నాయి. సత్యవ్వకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఆయన ఆమె వంక చూడనే లేదు. మూత మెల్లగా మళ్ళీ పెట్టేసి, "మంచిదైంది, ఇంక పప్పు ఎయ్యలే. ఆగు, ఎయ్యకు" అంటూ స్కూటరు దగ్గరికి పరిగెత్తి ఒక మూట తెచ్చాడు. బియ్యం, కందిపప్పు, చింతపండు, పసుపు, నూనె.

"గివన్ని ఏంది సేటూ? మాకు ఒకలు పెట్టే కూడు అద్దు."

"కూడని ఎవరన్నరు? ఇది పరీక్ష సామాను. బండ మీద పసుపు పడాలె, పులుసు పడాలె, నూనె చిట్లాలె. మరక అయితుందా లేదా నాకు తెలువాలె. ఉత్త నీళ్లతోని ఏం తెలుస్తది?"

"వండినంక ఏం జేయాలె?"

"పారబోస్తె పాపం గద. కష్టమైనా తినుండ్రి."

ఆ "కష్టమైనా" అన్న మాట ఎంత నమ్మకంగా అన్నాడంటే సత్యవ్వ నిజంగానే నమ్మింది. పోతూ పోతూ గోడ దగ్గరి దేవదాస్‌కు కూడా పని చెప్పాడు. "అన్నా, నువ్వు బండను కాయాలె. ఏ మరక పడ్డది, తుడిస్తె పోయిందా లేదా, నేనొస్తె నోటితోని చెప్పాలె. ఆడోళ్ల మాట నేను నమ్మ" అన్నాడు.

అప్పటినుంచి మూటలు వస్తూనే ఉన్నాయి. ఒకసారి గోధుమపిండి పరీక్ష, ఒకసారి కోడికూర పరీక్ష. సత్యవ్వ శుభ్రంగా తుడిచిపెడితే సేటుకు కోపం. "గింత సాఫుగ ఉంటె వండినట్టు ఎట్ల తెలుస్తది?" అని గొడవ. ఎంటనే తుడవమన్నది కూడా ఆయనేనని గుర్తుచేస్తే, "గది ఎండకాలం రూలు" అనేవాడు.

ఒకనాడు యూసుఫ్ వచ్చి, ఎప్పటిలాగే దేవదాస్ ముందు కూర్చుని, "ఏమన్న మరక పడ్డదా అన్నా?" అన్నాడు. జవాబు ఉండదని తెలిసీ అడగడం ఆయనకు అలవాటైంది.

"పడ్డది" అన్నాడు దేవదాస్. గొంతు తుప్పుపట్టినట్టుంది. "పసుపు మరక. రెండు దినాలు రుద్దిన, పోతలేదు. నీ బండ మంచిది కాదు సేటూ. మోసం జేసినవ్."

"నా బండను మంచిది కాదంటవా? నువ్వు సక్కగ రుద్దలే!"

"వచ్చి నువ్వు రుద్దు మల్ల!"

ఇద్దరూ పెరట్లో బండ మీదికి వంగి పీచు లాక్కుంటూ అరుచుకున్నారు. సత్యవ్వ తలుపు చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. మనిషికి తిట్టే ఓపిక వచ్చిందంటే బతుకు మీదికి మనసు మళ్ళినట్టేనని ఆమెకు తెలుసు. ఆ పసుపు మరకకు మనసులోనే దండం పెట్టింది.

సమ్మె ఇంకా నడుస్తుండగానే యూసుఫ్ ఒకసారి భార్యను వేములవాడ దర్గాకు తీసుకువచ్చి, అటునుంచి సిరిసిల్ల తెచ్చాడు. ఆయన, దేవదాస్ కలిసి కట్టెలకు పోయారు. మహమూదా బేగం గద్దె పక్కన పీట మీద కూర్చుంది. సత్యవ్వ తన బాధ చెప్పుకుంది.

"అక్కా, మీ సేటుకు జర చెప్పరాదు. బండ సల్లబడితె గ్యారంటీ పోతదని మమ్ముల సంపుతున్నడు. మేం తినుడేమొ గాని బండ కోసం వండుడైతున్నది."

"గ్యారంటీయా?" మహమూదా బేగం బుగ్గలు నొక్కుకుంది. "తౌబా! గుట్టల పుట్టిన రాయి. ఎన్ని వానల నానిందొ, ఎంత సలికి ఉన్నదొ. సల్లగుంటె దానికేమైతది? జగిత్యాలల బండ వెచ్చగుంటె ఆళ్లతోని కొట్లాట పెట్టుకుంటడు. మీ బండ సల్లగున్ననాడు మాత్రం ఇంటికొచ్చి అన్నం ముట్టడు."

సత్యవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. ముందు సిగ్గేసింది, వెంటనే కోపం వచ్చింది. ఉత్త నీళ్ళ గిన్నె మీద ఆయన మూత మళ్ళీ పెట్టిన తీరు తలుచుకునేసరికి ఆ రెండూ పోయి గుండె నిండిపోయింది.

ఇంతలో మగవాళ్ళు కట్టెలతో వచ్చారు. యూసుఫ్ స్కూటరు మీది మూట దించి, చెయ్యి బండ మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. సత్యవ్వ ఆయనను చూసింది, తరవాత రోడ్డు అవతలి ఇల్లు చూసింది. అది రాజవ్వ ఇల్లు. ఆమె కొడుకు సాంచా కూడా ఆగింది. అక్కడ పొగ లేచి చాలా రోజులైంది.

"సేటూ, నా బండకేం ఢోకా లేదు. ఎదురింటి రాజవ్వ బండ సూడు. అది మస్తు సల్లగున్నది."

"రాజవ్వకు నేను బండ అమ్మలే గద అక్కా?"

"వాకిట్ల బట్టలుతికే శాబాదు బండ ఉన్నది. పాపం, దానికి గ్యారంటీ ఇచ్చెటోడు లేడు."

యూసుఫ్ భార్య వైపు చూశాడు. ఆమె బురఖా సర్దుకోవడంలో మునిగిపోయింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"శాబాదు బండతోని శాన కష్టమక్కా. దానికి రెండు పూటల పరీక్ష గావాలె" అన్నాడు గంభీరంగా. మూట భుజానికెత్తుకుని రోడ్డు దాటాడు. రాజవ్వ వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని, సబ్బు మరకల బండ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఓ సేటూ! ఏం చేస్తున్నవ్? గది బట్టలుతికే బండ!" రాజవ్వ గాబరాగా బయటికి వచ్చింది.

"ఊకో రాజవ్వా, ఆయనను పరీక్ష చెయ్యనియ్యి" అని ఇవతలినుంచి సత్యవ్వ కేకేసింది. "నువ్వు పోయి పొయ్యి ముట్టియ్యి."