గండికోటకు రాని సత్తన్న

బాయిలర్ సత్తన్న గురించి రాయాలని కూర్చుంటే ముందు నన్ను నేను నాలుగు తిట్టుకోవాల్సి వస్తోంది. మొదలుపెట్టడానికి అంతకంటే మంచి దారి నాకు కనిపించడం లేదు.

సత్తన్న అసలు పేరు సత్తయ్య, ఊరు చిట్కుల్. వాళ్ళ పొలంలో చాలాభాగం ఫ్యాక్టరీల కిందికి పోయాక, పటాన్‌చెరులోని మా మందుల కంపెనీలో బాయిలర్ మీద పనికి కుదిరాడు. అప్పటికి పాతికేళ్ళు దాటలేదు. ఇప్పుడు యాభై నాలుగు. ఆవిరి చప్పుడు విని, మీటరు చూడకుండానే, ఎక్కడ ఏ వాల్వు అలిగిందో చెప్పేవాడు. బాయిలర్ పక్క ఇనుప నిచ్చెన మూడంతస్తులుంటుంది. దాన్ని షిఫ్టుకు ఇరవైసార్లు ఎక్కి దిగేవాడు. కుర్రాళ్ళందరూ బండ్ల మీద వస్తుంటే ఆయన మాత్రం పాత నల్ల సైకిలు మీదే డ్యూటీకి వచ్చేవాడు.

నేను అదే కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్ని. పేరు ప్రవీణ్‌కుమార్. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఉండిపోయాడు. హెల్మెట్ పెట్టుకోని వాళ్ళ మీద అరవడం, అరిచినట్టు రిజిస్టర్లో రాయడం నా పని. మా శాఖలో రాసినదే జరిగినట్టు. రాయనిది జరగనట్టే.

రెండేళ్ళ క్రితం నేను, ల్యాబ్‌లో చేసే చంద్రకాంత్, ప్యాకింగ్ పవన్‌కుమార్ గేర్ల సైకిళ్ళు కొన్నాం. డిసెంబరులో మూడు రోజులు గండికోట వెళ్ళాలని పథకం వేశాం. అక్కడ పెన్నా నది కొండను నిలువునా కోసుకుంటూ పోతుంది. రెండువైపులా ఎర్రటి రాతిగోడలు, పైన చెట్టూ చేమా లేని బండలు. ఆ బండల మీద, లోయ అంచు వెంబడి తొక్కాలని మా కోరిక. మధ్యాహ్నం క్యాంటీన్లో ఫోన్లో ఫొటోలు చూసుకుంటుంటే టీకి వచ్చిన సత్తన్న మా భుజాల మీదుగా వంగాడు.

"ఇదేడుంది సారు? భూమి గిట్ల పగిలిందేంది?"

"కడప దిక్కు అన్నా. నది కోసింది."

"నీళ్ళు రాయిని గింత కోసినయా!" ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "నీళ్ళకు తిక్క లేస్తే ఇనుమునే తింటయ్, నాకెరుకే. కానీ గిది కండ్లతోని సూడాలె. నేనూ వస్త సారు."

"రా అన్నా, దానికేం!" అన్నాను. నోటికొచ్చిన మాట అనేశాను, అంతే. వచ్చే ఆదివారానికల్లా ఆయన సైకిలు కొనేశాడు. రుద్రారంలో చదువైపోయి హాస్టల్ ఖాళీ చేస్తున్న కుర్రాడి దగ్గర లావు టైర్లది, గేర్లది పట్టుకొచ్చి, మేం ప్రాక్టీసు చేసే క్రషర్ గుట్టల దగ్గర మాకంటే ముందే నిలబడి ఉన్నాడు.

మా పథకమంతా కంప్యూటర్లో ఉండేది. ఆయన పథకమంతా ప్రశ్నలే. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? ఎండ ఎన్నింటికి ముదురుతుంది? అక్కడ పల్లేరు ఉంటదా? ఈ చివరి ప్రశ్నకు పవన్ పడిపడి నవ్వాడు. సత్తన్న గట్టు మీంచి ఎండిన పల్లేరు కాయలు గుప్పెడు ఏరుకొచ్చి వాడి ముందు చక్రం కింద పోశాడు. "ఇగ తొక్కు" అన్నాడు. పది గజాలు పోకముందే టైరు బుస్సుమంది. ఆ దెబ్బతో ట్యూబుల్లో పంక్చర్లు తనంతట తానే పూడ్చే ద్రవం పోయించాం. నీళ్ళ డబ్బాలకు తడి గోనెపట్టా చుట్టి, స్క్రాప్ యార్డులో ఎండకు పెట్టి, మూడు గంటలకు మాతో తాగించాడు. చల్లగా ఉన్నాయి. తెల్లారగట్ల నుంచి పది దాకా తొక్కి, మధ్యాహ్నం నీడన పడుకుని, నాలుగింటికి మళ్ళీ లేవాలన్నది కూడా ఆయన మాటే. చివరికి చూసుకుంటే మా పథకంలో ముప్పావు వంతు ఆయనదే.

కానీ ఆయన మెల్లగా తొక్కేవాడు. చడావు ఎక్కాల్సి వస్తే దిగి నెట్టుకుంటూ వచ్చేవాడు. మేకల కాపరి కనిపిస్తే ఆగి ఊరూ పేరూ అడిగేవాడు. మేం పైన నిలబడి గడియారాలు చూసుకునేవాళ్ళం.

"ఈయనతోని పోతే మనం గండికోట సూసినట్టే" అన్నాడు పవన్ ఒకరోజు. "మనం తీసే వీడియోల సగం ఆగుడే ఉంటది."

నేను వాణ్ణి కోప్పడాల్సింది. కోప్పడలేదు. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉంది. ముగ్గురం ఒకేరకం రంగురంగుల చొక్కాలు కుట్టించుకున్నాం. ఆయన మాత్రం కంపెనీ ఖాకీ ప్యాంటు చీలమండ దగ్గర తాడుతో కట్టుకుని వచ్చేవాడు. ఫొటోల్లో ఆయన పక్కన నిలబడటం నాకు నామోషీ అనిపించింది. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం సిగ్గు వేరే వైపున ఉంది.

రావద్దని ముఖాన చెప్పే ధైర్యం లేదు. అప్పుడే కంపెనీలో ఏటేటా జరిగే వైద్య పరీక్షలు వచ్చాయి. సత్తన్న బాయిలర్ నిచ్చెన దిగి రొప్పుతూ వచ్చి కూర్చుంటే బీపీ నూట అరవై చూపించింది. డాక్టరు పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూశాడు. నూట ఇరవై ఆరు. రెండూ చీటీ మీద రాసి నాకిచ్చాడు. నేను ఫారంలో మొదటిదే ఎక్కించాను. కింద నా చేతివ్రాతతో, "శ్రమతో కూడిన పనికి, ఎత్తు మీద పనికి పనికిరాడు" అని రాశాను. సత్తన్నకు చూపించడానికి ఒక కాగితం కావాలి, అంతే నా ఆలోచన. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తానని అప్పుడు తెలియలేదు.

"ఇదేంది సారు? నాకు బాగనే ఉంది గద!" అన్నాడు కాగితం చూసి.

"బీపీ పైకి తెలీదన్నా. లోపలుంటుంది. కొండలెక్కడం ప్రమాదం."

ఆయన కాగితాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. "అయితే మీరు పోయిరాండ్రి సారు" అన్నాడు. బయల్దేరే రోజు పొద్దున తన భార్య ఇందిరమ్మ చేత గోనెపట్టా తొడుగులు కుట్టించి, నీళ్ళ డబ్బాలు సైకిళ్ళు ఎక్కించిన మా వ్యానులో తనే సర్దాడు.

గండికోట బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. టైర్లు ఒక్కటీ దిగలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. రెండో రోజు సాయంత్రం లోయ అంచున కూర్చుంటే రాతిగోడలు ఎర్రగా కాలినట్టున్నాయి. కండ్లతోని సూడాలె అన్న మనిషిని ఇంటి దగ్గర వదిలేసి వచ్చి, ఆయన చెప్పిన వేళకు, ఆయన సర్దిన నీళ్ళు తాగుతూ కూర్చున్నాను. ఆ రోజే లేచి వచ్చి ఆయన కాళ్ళ మీద పడాల్సింది.

తిరిగొచ్చేసరికి నా ఫారం నా బల్ల మీద లేదు. ఆఫీసుకు పోయింది. ఎత్తు మీద పనికి పనికిరానివాణ్ణి బాయిలర్ దగ్గర ఉంచకూడదన్నది నియమం. ఆ నియమం ఏటా అందరికీ పాఠం చెప్పేది నేనే. సత్తన్న గేటు దగ్గర గడ్డికి పైపుతో నీళ్ళు పెడుతున్నాడు.

రెండో రీడింగ్ బయటపెడితే నేను చేసింది బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. ఒక నెల కాదు, ఏడాది. ఆ ఏడాదిలో ఆయన సైకిలు తొక్కడం మానేశాడు. షేర్ ఆటోలో వచ్చి, గోడ పట్టుకుని నడిచేవాడు. నన్ను చూస్తే చేతులు జోడించేవాడు. "నువ్వు సూసి చెప్పినవ్ గాబట్టి బతికిన సారు" అనేవాడు. ఆ దండం ఎదురవుతుందేమోనని వెనక గేటు నుంచి వెళ్ళిన రోజులున్నాయి.

ఇక లాభం లేదని మొన్న జనవరిలో పై అధికారి ముందు అంతా ఒప్పుకున్నాను. నాకు మెమో ఇచ్చారు, ప్రమోషన్ ఆపారు. సత్తన్నను బాయిలర్ మీదికి తిరిగి తీసుకుంటూ కాగితం ఇచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆదివారం చిట్కుల్ వెళ్ళాను. దారి పొడుగునా మనసు కాస్త తేలికపడింది కూడా. ఎంత వెధవనంటే, ఆయన సంతోషిస్తాడనుకున్నాను.

ఇందిరమ్మ అన్నం తినకుండా కదలనివ్వలేదు. "పప్పుల ఉప్పు లేదు సారు. ఆయనకు వద్దన్నరని ఇంట్ల అందరం మానేసినం" అంది. కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాను. కంచం ముందే ఉండగా మొత్తం చెప్పేశాను. డాక్టరు చీటీ ఆయన చేతిలో పెట్టాను.

సత్తన్న అద్దాలు పెట్టుకుని చదివాడు.

"అంటే నాకేం లేకుండెనా?"

"లేదన్నా. రేపే నువ్వు బాయిలర్ ఎక్కొచ్చు. ఆర్డర్ తెచ్చాను."

"వద్దు సారు" అన్నాడు. "మొన్న బల్బు మార్చనీకి నిచ్చెన ఎక్కిన. నాలుగు మెట్లకే కాళ్ళు వణికినయ్, దిగిన. రోగం లేకున్నా భయమైతే వచ్చె గద. గది ఏ కాగితంతోని పోతది?"

ఆయన చీటీని మడతపెట్టి నాకే ఇచ్చేశాడు.

"నేను మెల్లగ తొక్కుత, నాకెరుకలేదా? 'సత్తన్నా, నువ్వు రాకు' అని ఒక్క మాటంటే ఆగిపోతుంటి గద సారు."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఇందిరమ్మ అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి వింది. దగ్గరికి వచ్చి సగం తిన్న నా కంచం వైపు చూసింది.

"అయిపోతే లేవుండ్రి సారు" అంది.

సత్తన్న ఆమెను వారించలేదు. నేను లేచాను.