రామాంజులు మామ దొర

ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా రామాంజులు మామ దగ్గర జవాబు ఒక్కటే: "మా దొరకు గూడా అంతే అయింది." కువైట్‌లో, ఖైతాన్‌లో మేముండే గదికి మామే వంటమనిషి, మామే పెద్ద. ఆ దొర పేరు పెంబ్రిడ్జ్. ఇంగ్లండులో ఎంపీ. మామ ఒకప్పుడు కువైట్ సిటీలో ఆయన కూతురింట్లో వంట చేశాడు. చుట్టపుచూపుగా వచ్చిన దొర మామ చేసిన ఉప్మా తిని, వంటింట్లోకి వచ్చి మరీ చెయ్యి కలిపి వెళ్ళాడు. అంతే. ఆ రోజు నుంచి మామకు ఆయన సొంత మనిషైపోయాడు.

మామ చెప్పినదాన్ని బట్టి చూస్తే ప్రపంచంలో అంత దరిద్రపు రాజకీయ జీవితం ఇంకొకరికి ఉండదు. ఎండాకాలంలో మా ఏసీ పాడైతే, "పార్లమెంటులో మా దొర కుర్చీ కాడ ఫ్యానే తిరిగేది కాదురా, విసనకర్ర పట్టుకోని మాట్లాడినాడు" అన్నాడు. నాకు రెండు నెలలు జీతం రాకపోతే దొరకు మూడు నెలలు రాలేదు. రిగ్గైలో ఇంటిపని చేసే తిరుపాలమ్మ, కప్పు పగలగొట్టినందుకు ఇంటావిడ తిట్టిందని వచ్చి ఏడిస్తే, దొర ఏకంగా ప్రధానమంత్రి కప్పే పగలగొట్టి మంత్రి పదవి పోగొట్టుకున్నాడు.

"కప్పుకే పదవి పీకేస్తారా మామా?" అన్నాను.

"అది వాళ్ళ తాతల కాలం కప్పురా. నీకేం తెలుసు?"

తిరుపాలమ్మ ముక్కు చీదుకుని, "పాపం, ఆయప్పకు మళ్ళా పదవి ఇచ్చినారా?" అంది.

"ఇయ్యకుండా యాడికి పోతారు? ఇంగా పెద్దది ఇచ్చినారు."

నాకు ఒళ్ళు మండేది. ఇంటర్ దాకా చదివినవాణ్ణి గదా, ఒకరోజు ఫోన్లో వెతికాను. దొర కుర్రతనంలో గెలిచాడు, ముసలివాడయ్యేదాకా గెలుస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా ఓడలేదు. అసలు మంత్రే కాలేదు, ఇంక పదవి పోయేదెక్కడ? ఏళ్ళ తరబడి వెనక బెంచీలో కూర్చుని, మొన్నటి ఎన్నికల ముందు తనంతట తానే చాలించుకున్నాడు. ఇదంతా మామ ముందు పెడితే, "ఫోన్లో అన్నీ రాస్తారా?" అని ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాడు.

అప్పుడే మా గదిలో ఉండే ఆంజి భార్య వెంకటేశ్వరి చనిపోయింది. రాయచోటిలో, గుండెపోటు. పొద్దున వాడితో ఫోన్లో మాట్లాడిన మనిషి మధ్యాహ్నానికి లేదు. ఆంజి దేశం దాటాలంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్ అనుమతి కావాలి. ఆ కఫీల్ ఎక్కడో విదేశాల్లో ఉన్నాడు, ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. చివరికి ఆంజి సిగ్నల్ బాగా అందుతుందని మెట్ల దగ్గర నిలబడి, భార్యను మట్టి చేయడం ఫోన్లో చూశాడు. "రోంత దగ్గరికి పెట్టండ్రా, మొగం సూస్తా" అన్నాడు. సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కదిలేసరికి మన్ను వేస్తున్నారు.

ఆ తర్వాత వాడు తిండి ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం మామ కంచంలో అన్నం కలుపుకుని వచ్చి పక్కన కూర్చుంటే అప్పుడు నోరు విప్పాడు.

"పెండ్లాము సచ్చిపోతే పోకుండా ఉండిన మొగోడు యాడన్నా ఉంటాడా మామా? నేనొక్కణ్ణే."

"ఉండాడు," అన్నాడు మామ. "మా దొర."

ఇప్పుడు కూడా దొరేనా అని నాకు పిచ్చికోపం వచ్చింది. మామ ఆగలేదు. ఒక్క ఓటు తగ్గితే ప్రభుత్వం పడిపోతుందట. దొరను కదలనివ్వలేదట. ఊళ్ళో భార్యను మట్టి చేస్తుంటే ఆయన పార్లమెంటు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడట.

"అంత దొరను ఎవరాపుతారు?" అన్నాడు ఆంజి.

"ఆయనకూ ఉంటాడు నాయనా కఫీల్. పార్టీ."

ఆంజి లేచి కూర్చున్నాడు. "నా కోసరం కత జెప్తాండావు. శివా, నువ్వెప్పుడూ మామ మాట నమ్మవు గదా. ఫోన్లో సూసి నువ్వు చెప్పు."

ఫోను తీశాను. దొర పదవి చాలించుకున్న రోజు ఫొటో వచ్చింది. పక్కనే ఆయన భార్య. తెల్లజుట్టు, చేతిలో పూలగుత్తి, నోరారా నవ్వుతోంది. ఆంజి నా మొహంలోకే చూస్తున్నాడు. ఫోను నా వైపుకు తిప్పుకున్నాను.

"నిజమే ఆంజీ. రాసుండారు. పోలేకపోయినాడంట."

"ఎవరన్నా తిట్టినారంటనా?"

"ల్యా. ఆయన తప్పేముందని ఊరంతా అన్నారంట."

వాడు భోరుమన్నాడు. మామ వీపు నిమురుతూ కూర్చున్నాడు. ఏడుపు తగ్గాక ఆంజి కంచం దగ్గరికి లాక్కుని, తల వంచుకుని నాలుగు ముద్దలు తిన్నాడు.

నేను వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే మామ వచ్చి గొంతు తగ్గించాడు.

"శివా, ఆ యమ్మ బాగుందా?"

"బాగుంది మామా. ఫొటోలో నవ్వుతాంది."

"సల్లగుండల్ల. ఆ మాట అనేదానికి నాకు నోరే రాల్యారా." నేను కడిగిన గిన్నె అందుకుని తుడిచాడు. "సచ్చిపోయినారని అబద్ధం పుడితే ఆయుస్సు పెరుగుతాదంటారు గదా?"

"అంటారు మామా."

"నేనూ చెప్తి, నువ్వూ చెప్తివి. ఇద్దరమూ కలిసి ఆ యమ్మకు ఇంగో ఇరవై ఏండ్లు వేసినాం పో."