కొంతవరకు అంటే ఎంతవరకు?

మా అమ్మమ్మకు అబద్ధం ఆడటం రాదు. దాంతో ఇంటిల్లిపాదికీ చచ్చే చావుగా ఉంటుంది. పక్కింటావిడ కొత్తగా జుట్టు కత్తిరించుకుని వచ్చి, "ఎలా ఉందండీ?" అని మురిసిపోతుంటే, "పెరుగుతుందిలేమ్మా, దిగులు పడకు" అని ధైర్యం చెప్పి పంపింది. ఆవిడ మళ్లీ మా గుమ్మం తొక్కితే ఒట్టు.

ఇది ఆవిడ చేసిన ఉద్యోగం అంటించిన తెగులు. ఊరి చివర లారీల కాంటా ఉంది. రోడ్డు పక్కన పరిచిన పెద్ద ఇనప పలక మీదకు లారీ ఎక్కుతుంది, అద్దాల గదిలో కూర్చున్న మనిషి తూకం చూసి చీటీ ఇస్తుంది. ఆ మనిషి మా అమ్మమ్మ. పెళ్లికి ముందు చేరింది, మోకాళ్లు మొరాయించేదాకా చేసింది. "అక్కా, ఒక్కసారి చూసీ చూడనట్టు పోనీ అక్కా" అని డ్రైవర్లు బతిమాలేవాళ్లట. "చూడకపోతే నాకు జీతం ఎందుకురా?" అనేదట. సీటు కింద నక్కిన క్లీనర్ని చెవి పట్టుకుని దింపి మరీ తూకం వేసేదట. అందరికీ ఆవిడ కాంటా అక్క. ఇప్పుడు వీధి పిల్లలకు కాంటా అమ్మమ్మ.

తాతయ్య లారీ డ్రైవరు. ఇంజను మోతలో బతికి బతికి ఇంట్లో నోరు వాడటం మర్చిపోయాడని మా అమ్మ అంటుంది. పొద్దున "టీ" అంటాడు, రాత్రి "లైటు" అంటాడు. మధ్యలో ఆయన మాట విన్నవాళ్లు అదృష్టవంతులు.

ఇక నేను. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి బడికే జాలేసి వదిలేసింది. ఇప్పుడు సెల్‌ఫోన్ల రిపేరు కొట్లో పని. ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోకి ఆ ఆటను తెచ్చిన పాపం నాదే.

ఆటేమిటంటే, పేరున్న మనిషిని ఎవరినైనా మనసులో తలుచుకోవాలి. ఫోన్లో కళ్లజోడు పెట్టుకున్న గుడ్లగూబ ఒకటి వరసగా ప్రశ్నలు అడుగుతుంది. కింద నాలుగు బొత్తాలుంటాయి: అవును, కాదు, తెలియదు, కొంతవరకు. నొక్కుతూ పోతే చివరికి ఆ మనిషెవరో గుడ్లగూబే చెప్పేస్తుంది. మా అమ్మ రెండాటలు ఆడి, రెండూ ఓడి, ఫోను అమ్మమ్మ ఒళ్లో పడేసింది.

"నా మనసులో ఉన్నది దీనికెలా తెలుస్తుందే?" అంది అమ్మమ్మ.

"నువ్వు నిజం చెప్తే తెలుస్తుంది" అంది మా అమ్మ.

"నేనెప్పుడు చెప్పలేదు?"

కళ్లద్దాలు సర్దుకుని, చూపుడువేలు చాపి కూర్చుంది. మీ వ్యక్తి మగవారా? అవును. మీ వ్యక్తి సినిమాల్లో నటించారా? అవును. మీ వ్యక్తి జీవించి ఉన్నారా? అవును. మా అమ్మ కుట్టుమిషను ఆపి వచ్చి అమ్మమ్మ భుజం మీదుగా తొంగిచూసింది.

మీ వ్యక్తి మీకు స్వయంగా తెలుసా?

అవును.

"అమ్మా, తప్పు నొక్కావ్. స్వయంగా అంటే టీవీలో చూడటం కాదే."

"నాకు తెలుగు వచ్చు" అంది అమ్మమ్మ.

మీ వ్యక్తి మీ భర్తా?

నేను పగలబడి నవ్వబోయాను. నవ్వు సగంలో ఉండగానే అమ్మమ్మ వేలు గాల్లో తచ్చాడటం చూశాను. 'కాదు' మీదకు వెళ్లింది, వెనక్కి వచ్చింది. ఒక నిట్టూర్పు విడిచి 'కొంతవరకు' నొక్కింది.

తాతయ్య చేతిలో టీ గ్లాసు పెదవి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. మా అమ్మ నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. అందరికంటే ముందు మాట్లాడినవాడు, ఎన్నడూ మాట్లాడని తాతయ్య.

"కొంతవరకు అంటే ఎంతవరకు?"

"ఉండండి, ఇంకా ఏదో అడుగుతోంది" అంది అమ్మమ్మ. మీ వ్యక్తి గుర్రపు స్వారీ చేస్తారా? "సినిమాల్లోనేగా" అని గొణిగి మళ్లీ 'కొంతవరకు' నొక్కింది.

"అమ్మా! గుర్రానికీ కొంతవరకే, మొగుడికీ కొంతవరకేనా!" అని అరిచింది మా అమ్మ.

గుడ్లగూబ రెక్కలు కొట్టుకుని ఒక బొమ్మ చూపించింది. మీసం, నల్ల కళ్లద్దాలు, పక్కకు తిప్పిన మొహం. ఆ హీరో మా అమ్మ ఆరాధ్యదైవం. పెళ్లయ్యేదాకా ఆయన ఫోటోను దిండు కింద పెట్టుకుని పడుకున్న మనిషి ఆవిడ.

"అంటే... ఈయన నాకు నాన్న అవ్వాల్సినవాడా?" అని గబగబా చెంపలు వేసుకుని కూలబడింది.

తాతయ్య గ్లాసు కింద పెట్టాడు. నేలకేసి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. అన్ని మాటలు ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఆ హీరో అప్పట్లో హీరో కాడట. తాతయ్య గదిలో సగం అద్దె ఇచ్చి ఉండేవాడట. అతనూ అమ్మమ్మా రిజిస్టరు పెళ్లి చేసుకోవాలనుకున్నారు. సాక్షి సంతకానికి తాతయ్యను తీసుకెళ్లారు. అమ్మమ్మ సంతకం పెట్టేసింది. ఫోటోలేవని అడిగాడు గుమాస్తా. అతనివి మర్చిపోయాను అంది అమ్మమ్మ. దిగి వస్తానని పెళ్లికొడుకు స్టూడియోకు వెళ్లాడు. అక్కడ ఎవరో అతని మొహం మెచ్చుకుని, సినిమావాళ్ల దగ్గరికి తీసుకెళ్తానన్నారట. అటునుంచి అటే బస్సెక్కాడు.

"ఫోటో దిగడానికి వెళ్లినవాడు ఇంకా దిగుతూనే ఉన్నాడు" అన్నాడు తాతయ్య. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఆఫీసు మూసేదాకా ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. తర్వాత కొన్నాళ్లకు నన్ను చేసుకుంది. వాడు వదిలేశాడు కాబట్టే నేను దొరికానని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను. ఏనాడూ అడగలేదు."

"అడగొచ్చుగా నాన్నా?" అంది మా అమ్మ.

"మీ అమ్మ నిజం చెప్పేస్తుంది కదే. అదే భయం."

ఆరడుగుల మనిషి, కొండదారుల్లో బ్రేకులు పోయిన లారీని ఆపిన మనిషి, చిన్నపిల్లాడిలా పంచె అంచు నలుపుతూ కూర్చున్నాడు. నేను ఆట మూసేయబోతే అమ్మమ్మ ఫోను వెనక్కి లాక్కుంది. 'అవును' నొక్కి గుడ్లగూబను గెలిపించింది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"ఆ రోజు ఫోటోలు నా సంచిలోనే ఉన్నాయి."



"ఏమన్నావ్?" అన్నాడు తాతయ్య.

"అతనివీ నావీ, రెండేసి. గుమాస్తా గుర్తుందా? అమ్మాయి ఏం చేస్తుందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, ఇవాళ్టిదాకా కాంటాలో, రేపటి నుంచి ఇంట్లో అన్నాడు ఆ పెళ్లికొడుకు పెద్దమనిషి. నన్ను అడిగిన పాపాన పోలేదు. మీరేమో ఆ మూల నుంచి, అదేంట్రా, ఆవిడ రాకపోతే లారీలు ఎవరు తూస్తారు అన్నారు."

"నేనా? అన్నానా?"

"అన్నారు. నాకు కాస్త ఆలోచించుకోవాలనిపించింది. అందుకే అతని ఫోటోలు మర్చిపోయానన్నాను. నేను ఒక్క గంట కోసం పంపితే అతను జీవితాంతం వెళ్లిపోయాడు. నా తప్పా?"

"అమ్మమ్మా, నువ్వు అబద్ధం ఆడావా!" అన్నాను. ఇల్లు కూలినా నాకు అంత విడ్డూరంగా ఉండేది కాదు.

"ఒక్కటే ఆడాను. ఎంత బరువు మోశానో చూడు."

తాతయ్య ఇంకా తేరుకోలేదు. "మరి వాడు తిరిగొచ్చి ఉంటే?"

"ఫోటోలు బాగా వచ్చాయి, నీ దగ్గరే ఉంచుకో అనేదాన్ని."

"మరి కొంతవరకు అని ఎందుకు నొక్కావ్?"

"సంతకం పెట్టానుగా. ఉత్త 'కాదు' నొక్కితే అది ఇంకో అబద్ధం."

మా అమ్మ కళ్లు తుడుచుకుంటూ, "పాపం, ఆయనకు ఈ విషయం తెలియనే తెలియదు" అంది హీరో గురించి.

"పాపమేంటే? నేను బయటికి పంపకపోతే ఆ మీసం ఎవరు చూసేవారు? ఒకసారి వచ్చి థాంక్స్ చెప్పి పొమ్మను."

తాతయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మొహం ఎర్రబడింది. "ఏమోయ్, నేను ఆ మాట అన్నప్పుడే నన్ను చేసుకోవాలని అనుకున్నావా? బల్ల మీద కూర్చున్నప్పుడా? ఆ సాయంత్రం నిన్ను లారీలో దింపాను చూడు, అప్పుడా? ఏమీ మాట్లాడలేదే మరి? తర్వాత చేతికి దెబ్బ తగిలి కట్టుతో కాంటాకు వచ్చాను చూడు, అప్పటికే అనుకున్నావా?"

"ఈయన కంటే గుడ్లగూబే నయం" అంది అమ్మమ్మ ఫోను నాకు ఇచ్చేస్తూ. "ఒక్కొక్కటే అడుగుతుంది."