జబల్ షమ్స్ మీద మంచు

కడప దస్తగిర్ మస్కట్‌లోని హమ్రియాలో పన్నెండేళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాడు. కొండదారుల్లో తొక్కే లావు టైర్ల సైకిళ్లకు బ్రేకులు బిగించడంలో అతనిది చేయి తిరిగిన పనితనం. కానీ తను ఏనాడూ కొండ ఎక్కలేదు, మంచు చూడలేదు. జబల్ షమ్స్ కొండ మీద శుక్రవారం మంచు పడుతుందని ఫోన్ చెప్పగానే, ఈసారి మంచులో సైకిల్ తొక్కి తీరాలని ఆ రోజుకు సెలవు పెట్టాడు.

బుధవారానికి ఫోన్ మాట మార్చింది, మంచు శనివారమట. దస్తగిర్ సెలవు మార్పించుకున్నాడు. గురువారం మళ్లీ శుక్రవారమే అంది. మూడోసారి వెళ్లేసరికి షాపు నడిపే ముదీర్ తల పట్టుకుని, "ఇంతకీ డ్యూటీ నీకా, మంచుకా?" అని అడిగాడు.

శుక్రవారం పొద్దున్నే తన రూమ్‌లోనే ఉండే గురవయ్య పికప్‌లో సైకిల్ వేసుకుని ఇద్దరూ బయలుదేరారు. దస్తగిర్ రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్ తొడుక్కున్నాడు. పైకి చేరేసరికి ఎండ ఫెళ్లున కాస్తోంది. మంచు తెల్లవారకముందే పడి కరిగిపోయిందని మేకలు కాసే ముసలాయన చెప్పాడు. ఒక బండ నీడలో మాత్రం చాపంత మిగిలింది.

"అదన్నా చాలులే," అని దస్తగిర్ సైకిలెక్కాడు. గురవయ్య వీడియో తీస్తున్నాడు. ముందు చక్రం మంచును తాకడమే ఆలస్యం, సైకిలొక పక్కకీ దస్తగిరొక పక్కకీ పోయారు.

"తగిలిందా అన్నా?"

"లేదప్పా. సల్లగా ఉండాది," అన్నాడతను, లేచే ప్రయత్నమేమీ చేయకుండా.

సాయంత్రం వీడియో చూసి కడప నుంచి భార్య నసీమా ఫోన్ చేసింది.

"మంచు పడిందంటిరి. పడింది మీరే కదా?"

"ఇద్దరం పడినాం. నాకంటే అదే ముందు పడింది," అన్నాడు దస్తగిర్.